ఎర్ర దారం కట్టిన సీసా

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పొడుగైనదేమీ కాదు. రెండు మాటలు. "ఉంది మేడం" అన్నాను. లేదు.

ఆ మాట ఎవరికి చెప్పానో ఆమె పోయిన మాఘమాసంలో చనిపోయింది. ఎవరి గురించి చెప్పానో ఆమె అంతకు చాలా ముందే పోయింది. ఇద్దరిలో ఎవరికీ ఇక చెప్పుకోలేను. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. జాలి పడమని అడగడం లేదు. చివరిదాకా వింటే చాలు.

నేను భద్రాచలంలో ఒక చిన్న ఆసుపత్రిలో ల్యాబ్ పని చేసేవాణ్ణి. ఎనభైల మధ్య సంగతి. ఆసుపత్రి ఇప్పటికీ ఉంది, పేరు చెప్పను. దాన్ని నడిపింది ఒక డాక్టరమ్మ. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు. ఆడవాళ్ల జబ్బులు చూసేది, ఆపరేషన్లు చేసేది. ల్యాబ్ అంటే ఒక గది, రంగును బట్టి చక్కెరా కొవ్వూ కొలిచే ఒక కలరీమీటర్, ఒక ఓవెన్, నేను.

ఆమెకు ఒక పొడుగు రిజిస్టరు ఉండేది. ముట్లు ఆగిపోయి ఏళ్లు గడిచిన ఆడవాళ్లకు కొందరికి మళ్లీ రక్తం కనపడుతుంది. దేవుడు మళ్లీ వయసు ఇచ్చాడని నవ్వుకునేవాళ్లు ఉన్నారు, సిగ్గుపడి చెప్పనివాళ్లు ఉన్నారు. కొందరిలో అది గర్భసంచి లోపలి పొరకు వచ్చిన కాన్సర్. అలా తేలిన ప్రతి మనిషి పేరూ ఆ రిజిస్టరులో ఎక్కేది. పేరు, ఊరు, వయసు, బరువు. ఆపరేషన్‌కు ముందు పరగడుపున తీసిన రక్తంలో చక్కెర ఎంత, కొవ్వు ఎంత. ఆ తర్వాత గడులు ఖాళీగా ఉండేవి. ఆరు నెలలకోసారి ఆ మనిషి ఎలా ఉందో కనుక్కుని వాటిలో రాసేవాళ్లం.

ఎందుకు ఇదంతా అని మొదట్లో అడిగాను. లావుగా ఉండే ఆడవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఈ జబ్బు ఎక్కువ వస్తుందని పుస్తకాల్లో ఉంది, అది అందరికీ తెలిసిందే అని చెప్పింది. తనకు కావలసింది తర్వాతి ప్రశ్న. గర్భసంచి తీసేశాక ఎవరు బాగుంటారు, ఎవరికి జబ్బు తిరిగి వస్తుంది? రక్తం ముందుగా ఏమైనా చెబుతుందా? మన దగ్గర స్కానింగులు లేవు, పెద్ద మిషన్లు లేవు, రక్తం మాత్రం అందరి దగ్గరా ఉంటుంది కదా అనేది.

తీసిన గర్భసంచిలో ముక్క వరంగల్ పంపితే మూడు వారాలకు రిపోర్టు వచ్చేది. జబ్బు లోతుకు పోయిందని ఉంటే ఆ మనిషిని హైదరాబాదు పంపేది, కరెంటు వైద్యానికి, అదే రేడియేషన్‌కు. పైపైనే ఉందంటే ఇంటికి పంపేది. ఆ రెండూ కాకుండా నడుమ ఉన్నవాళ్లు కొందరుండేవారు. పంపాలా వద్దా అన్నది వాళ్ల దగ్గరే వచ్చేది. అప్పుడు ఆమె రిజిస్టరు తీసేది. చక్కెర నూట నలభై దాటి, కొవ్వు కూడా ఎక్కువగా ఉంటే పేరు కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి హైదరాబాదు పంపేది. అది ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె సొంత లెక్క. కానీ మూడు నాలుగేళ్లలో జబ్బు తిరిగి వచ్చినవాళ్లంతా చక్కెరా కొవ్వూ రెండూ ఎక్కువున్నవాళ్లే. నేను కళ్లారా చూశాను. ఖమ్మంలో డాక్టర్ల సమావేశంలో దీని మీద మాట్లాడాలని ఆమె కాగితాలు రాసుకోవడం మొదలుపెట్టింది.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, నేను కొలిచేది ఉత్త అంకె కాదని నాకు తెలుసు. తెలియక చేశానని అనడానికి లేదు.

ఇప్పుడు సీసాల సంగతి చెప్పాలి. ఒంట్లోంచి బయటికి వచ్చాక కూడా రక్తం కొన్ని గంటలు బతికే ఉంటుంది. సీసాలో కూర్చుని తనలో ఉన్న చక్కెరను తానే తింటూ ఉంటుంది. వేడికి ఇంకా తొందరగా తింటుంది. దాన్ని ఆపాలంటే సీసాలో ముందే ఫ్లోరైడు మందు వేసి ఉంచాలి. వాడేసిన పెన్సిలిన్ సీసాలు తెచ్చి, కడిగి, ఉడకబెట్టి, ఒక్కోదాంట్లో లెక్క ప్రకారం మందు చుక్కలు వేసి, ఓవెన్‌లో ఆరబెట్టేవాణ్ణి. మందు వేసిన సీసా మెడకు ఎర్ర దారం కట్టేవాణ్ణి. మా ఆయాకు చదువు రాదు, అందుకని డాక్టరమ్మ పెట్టిన గుర్తు అది. ఎర్ర దారం ఉంటే మందు ఉన్నట్టు. ఫ్లోరైడు విషం కాబట్టి డబ్బా ఆమె ఇంట్లో బీరువాలో ఉండేది, తాళంచెవి ఆమె దగ్గరే. అడిగినప్పుడల్లా ఇచ్చేది, ఏ రోజు అడిగానో లెక్క పెట్టుకునేది కాదు.

గోదావరి అవతల ఊళ్ల నుంచి ఆడవాళ్లు పరగడుపున రావడం కష్టం. మొదటి బస్సుకు వచ్చినా పది దాటుతుంది, ఈలోగా ఏదో ఒకటి నోట్లో వేసుకుంటారు. అందుకని మంగళవారాలు నేనే తెల్లవారు బస్సుకు బూర్గంపాడు వెళ్లి, అక్కడ ఒక గదిలో కూర్చుని రక్తం తీసుకుని వచ్చేవాణ్ణి. అడవి లోపలి ఊరి నుంచి ఒక కోయ పెద్దమ్మ నీళ్లయినా తాగకుండా చీకటితో బయల్దేరి నడిచి వచ్చేది. తాగొచ్చమ్మా అని చెప్పినా తాగేది కాదు. డాక్టరమ్మకు మాటిచ్చిందట.

నేను చేసింది చెప్పడానికి ఆమె గురించి చెప్పడం అవసరమా? అవసరమే అనిపిస్తోంది. అందరూ ఎవరి వంతు వాళ్లు చేస్తున్నారు. ఆ రోజు చేయనిది నేనొక్కణ్ణే.

శ్రావణమాసం. సోమవారం సాయంత్రం సీసాలు కడిగి బోర్లించాను. మందు వేసి ఆరబెట్టాలి, గంటన్నర పని. గ్రంథాలయానికి కొత్త పుస్తకాలు వచ్చాయని తెలిసింది. వెళ్లి ఒక నవల పట్టుకుని తలుపులు వేసేదాకా అక్కడే చదువుకుంటూ కూర్చున్నాను. ఆ నవల ఇప్పుడు గుర్తు కూడా లేదు. తిరిగి వచ్చి పడుకున్నాను. తెల్లవారుజామున ల్యాబ్‌కు వెళ్లేసరికి సీసాలు బోర్లించినచోటే ఉన్నాయి.

అప్పటికి కూడా మించిపోయింది లేదు. ఆమె ఇల్లు ఆసుపత్రి ఆవరణలోనే. ఆమె నా కంటే ముందే లేచేది. గేటు దాకా వెళ్లాను. లోపల దీపం వెలుగుతోంది. తాళంచెవి అడిగి ఒక్కో సీసాలో చిటికెడు పొడి వేసుకున్నా పని జరిగిపోయేది. "రాత్రి ఏం చేశావయ్యా?" అని అడుగుతుంది, పుస్తకం చదువుకున్నానని చెప్పాలి. అంతే కదా? ఆమె నన్ను పనిలో పెట్టుకున్నప్పుడే చెప్పింది: "తప్పు చేస్తే చెప్పు, తిడతాను. అబద్ధం చెబితే పంపించేస్తాను." తిట్టు తప్పించుకోవడానికి గేటు దగ్గరి నుంచి వెనక్కి తిరిగాను.

వెనక్కి వచ్చి ఆ ఖాళీ సీసాలకు ఎర్ర దారాలు కట్టాను.

ఈ పని గురించే ఎక్కువ ఆలోచించాను. దారం కట్టకపోయినా బూర్గంపాడులో అడిగేవాళ్లెవరూ లేరు. సంచిలో ఎలాగూ కనపడవు. మరి ఎందుకు కట్టాను? తిరిగి వచ్చాక ఆయా చూస్తుందనా? గంటలో తిరిగి వచ్చి పరీక్ష చేసేస్తే పెద్ద తేడా రాదు అని నాకు నేను చెప్పుకున్న మాట నిజమే. కానీ అంత నమ్మకం ఉన్నవాడు దారాలు కడతాడా? అన్ని దారాలూ ముడి వేసేటప్పుడు నా వేళ్లు తొట్రుపడలేదు. అదీ గుర్తుంది.

ఆ రోజు బూర్గంపాడులో కూర్చున్నవాళ్లలో సోమక్క ఒకతె. అసలు పేరు అది కాదు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, లావుపాటిది, నవ్వితే గది నిండేది. మొగుడు భిక్షానికి నాలుగు ఎకరాల మక్కచేను. పిల్లలు లేరు. మా ఇంటిపేరూ వాళ్ల ఇంటిపేరూ ఒకటేనని మొదటి రోజే నన్ను తమ్ముణ్ణి చేసేసుకుంది. ఆమెకు కాన్సర్ అని అప్పటికే తేలింది. వచ్చే వారం ఆపరేషన్.

"ఏంది తమ్మీ, పొద్దుపొడవక ముందే రక్తం తాగనీకి వచ్చినవ్? దోమలన్న పొద్దుగూకేదాక ఆగుతయ్," అంది.

"ఏమన్న తిన్నవా అక్కా?"

"ఏం తినలే. ఛాయ్ గూడ తాగలే. మీ బావ నా ముంగట కూసోని రెండు గిలాసలు తాగిండు, కడుపుల మంట పెట్టిండు." పక్కనున్నవాళ్లంతా నవ్వారు. సూది తీశాక ఆమె సీసా చేతిలోకి తీసుకుని చూసింది. "దీనికి ఎర్రదారం ఎందుకు కట్టినవ్? నా రక్తానికి దిష్టి తగులుతదనా?"

నేనూ నవ్వాను.

బయల్దేరాక కొంతదూరం పోగానే బస్సు ఆగిపోయింది. గోదావరి నిండుగా ఉంటే వాగు నీళ్లు పోయే దారి లేక రోడ్డు మీదికి వస్తాయి. ముందు బస్సులు, వెనక లారీలు. నీళ్లు తగ్గితే గానీ కదలదన్నాడు డ్రైవరు. నిలబడటానికి చోటు లేక సంచిని ఇంజను మీది రేకు మూత మీద పెట్టాను. అది ఎంత వేడిగా ఉంటుందో మీలో ముందు సీట్లో కూర్చున్నవాళ్లకు తెలిసే ఉంటుంది. తర్వాత తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఎంతసేపటి తర్వాతో చెప్పలేను. ఆరు గంటలు అక్కడే ఉన్నాం.

ల్యాబ్‌కు వచ్చి పరీక్ష చేశాను. సోమక్కకు కొవ్వు ఎక్కువగా వచ్చింది. కొవ్వుకు సీసా మందుతో పని లేదు, ఆ అంకె నమ్మొచ్చు. చక్కెర నూట నాలుగు వచ్చింది. కలరీమీటర్ ముల్లు చూస్తూ కాసేపు కూర్చున్నాను. అది సోమక్క చక్కెర కాదని, ఆరు గంటలు తినగా మిగిలిన చక్కెర అని నాకు తెలుసు. రిజిస్టరులో నూట నాలుగు అని రాశాను. గుండ్రటి చేతిరాత నాది. అందంగా రాశాను.

ఆ రోజు తీసిన మిగతా సీసాల సంగతి మీరు అడగాలి. వాళ్లు కాన్సర్ వచ్చినవాళ్లు కారు, మామూలుగా షుగర్ చూపించుకోవడానికి వచ్చినవాళ్లు. ఆ తర్వాతి మంగళవారం వాళ్లందరికీ మళ్లీ రక్తం తీశాను, మిషన్ సరిగ్గా పనిచేయలేదని చెప్పి. అంటే చిన్న అబద్ధంతో తప్పు దిద్దుకునే తెలివి నాకు ఉంది. సోమక్కకు మాత్రం ఎందుకు చేయలేదు? ఆమె అంకె రిజిస్టరులో ఎక్కింది. దాన్ని దిద్దితే డాక్టరమ్మ కారణం అడుగుతుంది. మిషన్ అంటే మిషన్ ముందు కూర్చుని తానే చూస్తుంది. ఆమె అలాంటి మనిషి.

ఆపరేషన్ ముందు ఉచ్చలో చక్కెర చూశాం. లేదు. రక్తంలో బాగా పెరిగితే తప్ప ఉచ్చలోకి దిగదు అని నాకు తెలిసినా, పరీక్ష మందు నీలంరంగు మారకుండా నీలంగానే ఉండిపోతే ప్రాణం లేచి వచ్చింది. ఆపరేషన్ బాగా జరిగింది. పదో రోజు కుట్లు విప్పడానికి ముందు, ఎవరూ చెప్పకుండానే, ఆమెను ఏమీ తినవద్దని చెప్పి మళ్లీ రక్తం తీశాను. ఈసారి సీసాలో మందు ఉంది. వెంటనే పరీక్ష చేశాను. నూట డెబ్బై ఒకటి.

ఆపరేషన్ అయినవాళ్లకు కొన్నాళ్లు చక్కెర పెరుగుతుంది. అది నిజం. ఆ నిజాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఇది లెక్కలోకి రాదు అనుకున్నాను. సీసా కడిగేశాను. ఆ అంకె ఎక్కడా రాయలేదు. అయినా ఒక్కరోజూ మర్చిపోలేదు.

వరంగల్ రిపోర్టు రావడానికి ఇంకా పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో ఎప్పుడు చెప్పినా ఏమీ నష్టం లేదు, నేను తిట్లు తినడం తప్ప. రోజూ పొద్దున్నే చెబుదామని వెళ్లేవాణ్ణి, ఆమెకు పని ఉండేది, నాకూ పని ఉండేది.

రిపోర్టు వచ్చిన మధ్యాహ్నం ల్యాబ్‌లోకి వచ్చింది. కాగితం ఒక చేతిలో, రిజిస్టరు చంకలో. బల్ల మీద పెట్టి నిలబడే మాట్లాడింది. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"సోమక్కది వచ్చిందయ్యా. నడుమ ఉంది. పంపినా తప్పు కాదు, పంపకపోయినా తప్పు కాదు." రిజిస్టరు తెరిచింది. "కొవ్వు ఎక్కువే ఉంది. చక్కెర నూట నాలుగా? ఆ మనిషికి నూట నాలుగా?"

"అంతే వచ్చింది మేడం."

"వాళ్లమ్మ షుగర్‌తోనే పోయిందట. ఆ రోజు బస్సు ఆగిపోయిందన్నావు కదా, ఎంతసేపు?"

"ఆరు గంటలు మేడం."

"సీసాలో మందు ఉంది కదా?"

"ఉంది మేడం."

ఆమె నా వంక చూసింది. అనుమానంతో కాదు. గుర్తు చేసుకోమన్నట్టు చూసింది. "చూసే చెబుతున్నావా?"

"ఎర్రదారం సీసానే మేడం."

"సరే. నీ మాట మీద రాస్తున్నా."

సోమక్క పేరు ఎదురుగా, హైదరాబాదు అవసరం లేదు, అని రాసింది. ఎర్ర పెన్సిల్ జేబులోంచి తీయలేదు.

రెండోసారి అడిగినప్పుడు నేను చెప్పింది చూశారా? ఎర్రదారం సీసానే. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. దారం నేనే కట్టాను కాబట్టి. "ఉంది" అన్న మాట భయంతో వచ్చిందనుకోవచ్చు. ఈ రెండోది భయంతో వచ్చింది కాదు. ఇది తెలివితో వచ్చింది. పుస్తకాలు చదివినవాడి తెలివి. అప్పటి నుంచి అందంగా కుదిరిన వాక్యమంటే నాకు నమ్మకం పోయింది, ముఖ్యంగా నా నోటి నుంచి వచ్చినదంటే.

ఇంటికి వెళ్లొచ్చని తెలిసిన రోజు సోమక్క సంతోషం ఇంతా అంతా కాదు. తర్వాతి మంగళవారం బూర్గంపాడులో నా కోసం ఒక గంపెడు మక్కకంకులు తెచ్చింది.

"హైదరాబాదు తప్పిచ్చినవ్ తమ్మీ. నెలన్నర ఆడ పడుంటే గీ మక్కలెవరు ఇరుస్తరు? మీ బావనా? ఆయన ఒక్కడే ఇరిస్తే సంకురాత్రిదాక ఇరుస్తడు."

"నేనేం చేసిన అక్కా?"

"నీ సీస చెప్పింది గద. డాక్టరమ్మ చెప్పింది నాకు, నీ రక్తం మంచిగుంది, ఇంటికి పోవచ్చని."

ఆ కంకులు ఇంటికి తెచ్చాను. మా ఆవిడ కాల్చి పెట్టింది. తిన్నాను.

ఏడాది దాటి కొన్ని నెలలు గడిచాయి. ఆరు నెలలకోసారి రాసే గడుల్లో రెండు నిండాయి. బాగుంది, బాగుంది అని నేనే రాశాను. మూడోసారికి ముందే ఆమె వచ్చింది. మళ్లీ రక్తం కనపడుతోంది. దగ్గు. ఒక కాలు వాచింది. డాక్టరమ్మ చూసి హైదరాబాదుకు ఉత్తరం రాసిచ్చింది. అక్కడివాళ్లు కొన్ని రోజులు ఉంచుకుని, చేయగలిగింది లేదని పంపించారు.

నేను రెండుసార్లు వెళ్లి చూశాను. రెండోసారి ఆమె మంచం మీద సగమైపోయి ఉంది. భిక్షం వాకిట్లో కూర్చుని ఉన్నాడు. చెప్పాలనే వెళ్లాను. ఇది నమ్మండి, నమ్మకపోండి. "అక్కా, ఆ రోజు సీస..." అని మొదలుపెట్టాను.

"నీ సీసదేం తప్పు తమ్మీ?" అంది. "అది ఉన్నదే చెప్పింది. నా నసీబే గిట్లున్నది. నువ్వు మనసుల పెట్టుకోకు."

ఆమే నన్ను ఓదార్చింది. ఆ ఓదార్పు తీసుకుని లేచి వచ్చాను. అది నాది కాదు. ఇచ్చింది ఒక మంచివాడికి, ఆమె ఊహలో ఉన్న తమ్ముడికి. దొంగిలించినట్టు తెచ్చుకున్నాను. పది రోజులకు ఆమె పోయింది.

నేను సోమక్కను చంపానా? ఈ ప్రశ్నను అన్ని వైపుల నుంచీ తిప్పి చూశాను. కరెంటు పెట్టించుకున్నా బతికేదని ఎవరూ చెప్పలేరు. పెట్టించుకున్నవాళ్లలోనూ పోయినవాళ్లున్నారు. ఆపరేషన్ ముందు ఆమె అసలు చక్కెర నిజంగా నూట నలభై దాటి ఉందో లేదో కూడా ఖాయంగా చెప్పలేను. తెలియదు. ఈ 'తెలియదు' వెనకాలే ఇన్నేళ్లు దాక్కున్నాను. అది నిజమే కాబట్టి దాక్కోవడం తేలికైంది. కానీ తెలుసుకునే దారి ఉండేది, దాన్ని మూసింది నేను. వెళ్లాలో వద్దో డాక్టరమ్మ నిర్ణయించాననుకుంది. సోమక్క తన నసీబు నిర్ణయించిందనుకుంది. నిర్ణయించింది నేను, ఒక తిట్టు పడకుండా ఉండటం కోసం.

ఇంకొకటి ఉంది. ఇందులో 'తెలియదు' అనడానికి కూడా లేదు.

సోమక్క పోయాక డాక్టరమ్మ రిజిస్టరు ముందేసుకుని ఒక ఆదివారమంతా కూర్చుంది. సాయంత్రం నన్ను పిలిచింది. ఎర్ర గీత లేని మనిషికి జబ్బు తిరిగి రావడం అదే మొదటిసారి. "నా లెక్క తప్పయ్యా," అంది. "ఉన్నదే గుప్పెడు మంది. అందులో ఒకటి ఇలా వచ్చిందంటే, మిగతావి కూడా కాకతాళీయమే అయి ఉంటాయి. ఇంకొకరి ప్రాణం మీద ఈ లెక్క వేయకూడదు." నీ అంకెల్లో ఏమైనా తేడా ఉందా అని నన్ను అడగలేదు. ఆ ఆలోచనే ఆమెకు రాలేదు. ఖమ్మం సమావేశానికి రాసుకున్న కాగితాలు చింపలేదు, కోపం చూపించే మనిషి కాదు. మడిచి రిజిస్టరులో పెట్టి ఆసుపత్రి బీరువాలో పెట్టేసింది. మళ్లీ తీయలేదు.

ఆమె లెక్క సరైనదో కాదో నాకు తెలియదు. అంతకంటే తెలివైనవాళ్లు, పెద్ద మిషన్లు ఉన్నవాళ్లు ఎప్పటికైనా తేలుస్తారు. కానీ ఆమె దాన్ని వదిలేసింది ఒక అబద్ధపు అంకెను చూసి. ఆ తర్వాత కూడా ఆ ఆసుపత్రికి నడుమ రకం రిపోర్టులు వచ్చాయి. వాళ్లను పంపాలా వద్దా అన్నప్పుడు ఆమె దగ్గర ఏ లెక్కా లేదు. కొందరిని పంపింది, కొందరిని పంపలేదు. వాళ్లలో ఎవరెవరు ఏమయ్యారో నేను చెప్పలేను. రిజిస్టరు ఆగిపోయింది, రాసే గడులు లేవు.

నేను మాత్రం మంచి పేరు తెచ్చుకున్నాను. ఆ తర్వాత ఒక్క సీసా కూడా మందు లేకుండా వాడలేదు. కొత్తగా వచ్చినవాళ్లకు పని నేర్పాను. ఎర్ర దారం సంగతి చెప్పి, మందు వేశాకే దారం ముట్టుకోవాలి, ముందు కాదు అని గట్టిగా చెప్పేవాణ్ణి. ఎంత నిక్కచ్చి మనిషో అనుకునేవారు.

డాక్టరమ్మ పోయిన తర్వాత ఆసుపత్రిలో సంతాపసభ పెట్టారు. ఎక్కువకాలం కలిసి పనిచేసినవాణ్ణని నన్ను మాట్లాడమన్నారు. లేచి నిలబడ్డాను. ఆమె అబద్ధాన్ని సహించేది కాదు అన్నాను. ఇంకేమీ రాలేదు. దుఃఖం వల్ల మాట రాలేదనుకున్నారు. దుఃఖమూ ఉంది. ఆమెను తలచుకోకుండా నాకు ఒక రోజు గడవదు. కానీ ఆ రోజు నన్ను ఆపింది అది కాదు. కూర్చున్నాక నిశ్చయించుకున్నాను. ఆమె కోసం ఏడవాలంటే ముందు ఈ పని చేయాలి.

పోయిన నెల బూర్గంపాడు వెళ్లాను. భిక్షానికి డెబ్బై దాటాయి. చేను కౌలుకిచ్చాడు గానీ గట్ల మీద తిరగడం మానలేదు. వాకిట్లో మంచం వాల్చి, మంచినీళ్లిచ్చి, ఏంది తమ్మీ ఇన్నేళ్లకు, అన్నాడు. "బావా, ఒక సంగతి చెప్పాలె," అని మొదలుపెట్టి అంతా చెప్పాను. గ్రంథాలయం, గేటు, దారాలు, ఇంజను, నూట నాలుగు, నూట డెబ్బై ఒకటి, ఆమె అడిగిన రెండు ప్రశ్నలు. ఏదీ వదలలేదు. ఏదీ మెత్తగా చేయలేదు.

భిక్షం చివరిదాకా విన్నాడు. తర్వాత ఒకటే అడిగాడు. "నిజం చెప్తే బతికుండునా?"

"తెల్వదు బావా. ఒక దారి ఉండె. నేను మూసిన."

ఆయన తలపాగా విప్పి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. లేచాడు.

"పోయేటప్పుడు గూడ నీ పేరే చెప్పింది," అన్నాడు. "తమ్మునికి కంకులు పంపియ్యమని చెప్పింది ఆ ఏడు గూడ. పంపిచ్చిన. తిన్నవు గద?"

"తిన్న బావా."

"ఇగ నన్ను బావా అనకు."

అంత మాత్రమే. అరవలేదు. గేదెకు నీళ్లు పెట్టే వేళయిందని లోపలికి వెళ్లాడు. నేను లేచి వచ్చేశాను. క్షమించమని అడగలేదు. అడిగి ఉంటే ఆ మాట ఆయన మీద ఇంకో బరువు అయ్యేది.

బస్సు దిగి తిన్నగా ఆసుపత్రికి వెళ్లాను. ఇప్పుడున్న డాక్టరును అడిగి పాత బీరువా తీయించాను. రిజిస్టరుకు చెదలు పట్టలేదు. ఖమ్మం సమావేశం కాగితాలు మడిచినవి మడిచినట్టే ఉన్నాయి. మా పనిలో ఒక పద్ధతి ఉంది. అంకె తప్పయితే దాన్ని చెరిపేయకూడదు, కనపడకుండా కొట్టేయకూడదు. ఒకే ఒక గీత గీయాలి, కింద పాత అంకె చదవడానికి వీలుండాలి. పక్కన సరైనది రాసి సంతకం చేయాలి. డాక్టరమ్మే నేర్పింది.

నూట నాలుగు మీద ఒక గీత గీశాను. పక్కన రాయడానికి సరైన అంకె నా దగ్గర లేదు. ఎవరి దగ్గరా లేదు. అందుకని ఇలా రాశాను: "ఈ అంకె చెల్లదు. సీసాలో మందు లేదు. మందు లేదని నాకు తెలుసు. డాక్టరు గారు రెండుసార్లు అడిగారు, ఉందని చెప్పాను. ఈ కేసును చూసి డాక్టరు గారి లెక్క తప్పని అనుకోవద్దు." కుట్లు విప్పిన రోజు వచ్చిన నూట డెబ్బై ఒకటిని కూడా, ఆపరేషన్ తర్వాతది అని చెప్పి, కింద రాశాను.

అక్షరాలు అందంగా రాలేదు.

రిజిస్టరును మళ్లీ బీరువాలో పెట్టనివ్వలేదు. కొత్త డాక్టరు బల్ల మీద పెట్టాను, ఆ పేజీ దగ్గర తెరిచి. చదువుతాడో లేదో, చదివి నన్ను ఏమనుకుంటాడో, అది ఆయన పని.

ఇక్కడ మీకు నా పేరు చెప్పలేదు. అక్కడ రాశాను. పూర్తి పేరు, మా ఊరి పేరుతో సహా.